తొమ్మిది రాళ్ల కింద

బాలనర్సమ్మకు భూమి తవ్వడం తప్ప ఇంకో పని రాదని తంగెడుకుంటలో అంటుంటారు. అది తప్పు. ఆమెకు కోపం తెచ్చుకోవడం కూడా వచ్చు. ఈ రెండు పనులూ ఆమె పన్నెండో ఏట, ఒకే రోజున నేర్చుకుంది.

ఆ రోజు గుంపు మేస్త్రీ ఎస్సీ కాలనీ నుంచి ముప్పై మందిని లారీ ఎక్కించాడు. కూలీలను పోగుచేసి దూరదేశాల పనులకు తోలుకుపోవడం అతని వృత్తి. నారాయణపేట దాటి, కర్ణాటక దాటి, మూడో రోజు పుణెలో దించి, రోడ్డు పక్కన సున్నంతో గీసిన గీత చూపించి తవ్వమన్నాడు. మధ్యాహ్నానికి పిల్ల అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. ఎదురింటావిడను మంచినీళ్లు అడిగితే గేటు వేసుకుంది. తవ్వుతున్నదేమో ఆ ఇంటికి పోయే ఫోను తీగకే.

"నీళ్లియ్యనోళ్లకు మనమెందుకు తవ్వాలె అమ్మా?" అని అడిగింది.

"మాట్లాడకుండ తవ్వు," అంది తల్లి రామమ్మ.

తవ్వింది. కానీ మాట్లాడకుండా ఉండటం మాత్రం ఆ రోజుకీ రాలేదు, ఈ రోజుకీ రాలేదు.

నలభై ఏళ్లు తవ్వింది. పుణె, సూరత్, భోపాల్, బెంగళూరు, నాగపూర్. మొదట్లో మనిషి ముంజేయంత లావు నల్ల తీగలు వేసేవాళ్లు. తర్వాత నారింజ రంగు పైపులొచ్చాయి. వాటిలో వెంట్రుకంత సన్నని గాజు పోగులు ఉంటాయని, వాటిలోంచి వెలుగు పరుగెత్తుతుందని, ఆ వెలుగులోనే సినిమాలూ బ్యాంకులూ చదువులూ అన్నీ పోతుంటాయని ఎవరో ఇంజినీరు చెప్పాడు. చెప్పింది అర్థమైనా కాకపోయినా, ఆ పైపుకు ఐదున్నర అడుగుల లోతు ఉండాలని, అడుగున రాయి లేకుండా ఇసుక పరచాలని, పూడ్చాక నెత్తిన జానెడు మట్టి ఎత్తుగా వదలాలని ఆమెకు తెలుసు. లేకపోతే వానకు దిగబడిపోతుంది. భర్త భిక్షపతి కూడా ఆ గుంపులోనే ఉండేవాడు. నాగపూర్‌లో మట్టి పెళ్ల విరిగి మీద పడితే అక్కడే పోయాడు. మేస్త్రీ రెండో రోజు మిగతావాళ్లను మళ్లీ పనిలోకి దింపాడు.

కూతురు భాగ్యశ్రీకి అయిదో నెల వచ్చినప్పుడు ఆమెను తల్లి ఒడిలో పెట్టి బెంగళూరు లారీ ఎక్కింది బాలనర్సమ్మ. పాలు తడిసిన జాకెట్టుతోనే ఎక్కింది. పది నెలల తర్వాత తిరిగొచ్చి చేతులు చాపితే పిల్ల కెవ్వుమని ఏడ్చి రామమ్మ కొంగు చాటుకు పోయింది. ఆ ఏడుపు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. ఇక ఈ ఇంట్లో ఏ తల్లీ చంటిపిల్లను వదిలి పోవద్దని ఆనాడే ఒట్టు పెట్టుకుంది. ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన కడుపు నిండదు కదా, మరుసటి ఏడు తనే మళ్లీ పోయింది. అందుకని కూతుర్ని మాత్రం పట్టుపట్టి డిగ్రీ దాకా చదివించింది.

ఇప్పుడా కూతురు ఐదు నెలల పిల్లను ఎత్తుకుని తంగెడుకుంటకు వచ్చింది.

భాగ్యశ్రీ పని హైదరాబాద్‌లో. ఆస్పత్రులకు వచ్చే ఫోన్లు ఎత్తి, రోగులకు డాక్టరు సమయం ఇప్పించే కంపెనీలో చేస్తుంది. భర్త విజేందర్ పొద్దస్తమానం కారు నడుపుతాడు, ఇద్దరికీ కలిపి ఒక్క గది. కాన్పు సెలవు అయిపోయింది. ఇంటి నుంచే పని చేస్తానని ఆమె అడిగితే కంపెనీ సరేనంది, కానీ ఒక షరతు పెట్టింది. ఇంట్లో తీగ ద్వారా వచ్చే వేగమైన నెట్ ఉండాలి. సోమవారం పొద్దున తొమ్మిదికి పరీక్షిస్తారు. లైను నిలబడితే ఉద్యోగం ఉంటుంది. లేకుంటే మంగళవారం ఆఫీసుకు రావాలి, లేదా మానేయాలి.

"లైనుంటే నేనీడనే ఉంట అమ్మా. లేకుంటే మల్లికను నీ దగ్గరిడిసి పోవాలె," అంది భాగ్యశ్రీ.

ఆ మాటకు బాలనర్సమ్మ గుండెల్లో ఎవరో గడ్డపార దించినట్టయింది. వెంటనే తేరుకుని నవ్వింది.

"పిచ్చిదానా, ఫికర్ జేస్తవెందుకు? మన కాలనీకి కేబుల్ వచ్చి రెండేండ్లాయె. రాళ్లు సూడలేదా?"

రాళ్లు నిజంగానే ఉన్నాయి. ఊరికీ కాలనీకీ మధ్య వాగు, వాగు మీద ఒక చిన్న కల్వర్టు. ఆ కల్వర్టు దగ్గర మొదలై కాలనీ చివరి ఇంటి దాకా, యాభై మీటర్లకొకటి చొప్పున తొమ్మిది సిమెంటు రాళ్లు పాతి ఉన్నాయి. నెత్తిన పసుపు రంగు, దాని మీద నల్ల అక్షరాలు. కింద కేబుల్ ఉంది, తవ్వరాదని వాటి అర్థం.

ఆ అర్థం తంగెడుకుంట కాలనీకి తెలిసినట్టు దేశంలో ఇంకెవరికీ తెలియదు. సూరత్‌లో ఒకడు చూడక గడ్డపార వేసి ఎవరిదో కేబుల్ తెంపితే, గుంపు గుంపునంతా మూడు రోజులు రేకుల షెడ్డులో వేసి తాళం పెట్టారు. అందులో బాలనర్సమ్మ కూడా ఉంది. అందుకే రాయి కనపడితే ఈ కాలనీ వాళ్ల చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. రాళ్లు పాతిన కాలంలో కాలనీకి కాలనీయే పనుల మీద బెంగళూరులో ఉంది, ఇళ్లకు తాళాలు. వానలకు ముందు తిరిగొచ్చి చూస్తే రాళ్లున్నాయి, తవ్విన ఆనవాలు లేదు. వేరే ఊరివాళ్లయితే అనుమానపడేవాళ్లు. వీళ్లు పడలేదు. భూమిని పైన తెరవకుండా లోపల్లోపలే పైపు దూర్చుకుపోయే మిషన్లను వీళ్లు పట్నాల్లో కళ్లారా చూసినవాళ్లు. "మిషన్‌తోని గుంజినట్టున్నరు, ఎంత సాఫ్‌గ చేసిన్రో సూడు," అని ఆ పని చేసినవాళ్లను మెచ్చుకున్నారు కూడా. పని తెలిసినవాళ్లు కాబట్టే మోసపోయారు.

బుధవారం పొద్దున తల్లీకూతుళ్లు పంచాయతీ ఆఫీసుకు పోయి కార్యదర్శి వెంకటేష్‌ను కలిశారు. తమ ఇంటికి లైను ఇప్పించమన్నారు. ఆయన కంప్యూటర్ చూసి తల గోక్కున్నాడు.

"మీకు కొత్తగ ఇచ్చేదేముందమ్మా? కాలనీల అరవై నాలుగిండ్లు. అరవై నాలుగింటికీ కనెక్షన్ ఇచ్చినట్టే ఉన్నది. నీ ఇంట్ల నెట్ నడుస్తాంది."

"నా ఇంట్లనా?"

"అవును. రెండేండ్ల సంది. కాంట్రాక్టరుకు బిల్లు గూడ ఇచ్చిన్రు."

పోయిన వారమే ఇదే కూతురు చంటిపిల్లను చంకనేసుకుని, ఎండలో కల్వర్టు గోడ ఎక్కి నిలబడి కంపెనీతో మాట్లాడింది. ఆ గోడ మీద తప్ప కాలనీవైపు ఎక్కడా ఫోను పట్టదు. రెండడుగులు ఇటు జరిగితే మాట తెగిపోతుంది. అలాంటి కాలనీలో అరవై నాలుగిళ్లలో రెండేళ్లుగా నెట్ నడుస్తోందట. ఎవరి ఇంట్లో నడుస్తోంది? ఎవరి కాళ్లతో నడుస్తోంది?

ఇంటికొచ్చి రాళ్ల వెంబడి మొదటి నుంచి చివరిదాకా నడిచింది. అంతకుముందు వందసార్లు నడిచిన దారే. ఈసారి తవ్వేవాళ్ల కళ్లతో చూసింది. మిషన్ పైపు గుంజినా, అది దిగడానికి ఈ చివర ఒక గుంత, తేలడానికి ఆ చివర ఒక గుంత తవ్వక తప్పదు. రెండు చివర్లా భూమి ఎవరూ ముట్టకుండా, అమ్మ కడుపులో ఉన్నట్టు ఉంది. ఇంటిలోపలికి పోయి గడ్డపార తీసుకొచ్చింది.

చర్చిలో గంట కొట్టే డానియల్, ఒకప్పుడు ఆమె గుంపులోనే తవ్వినవాడు, పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! రాయి కాడ గడ్డపార ఏస్తవా? పిచ్చి లేసిందా?"

"దూరం జరుగు తమ్మీ."

"కేబుల్ తెగితే కాలనీ మొత్తాన్ని లోపలేస్తరు."

"తెగనియ్యి. తెగేదుంటే కదా."

అలా అందే కానీ చెయ్యి పాత అలవాటు మానలేదు. మొదటి మూడడుగులే గడ్డపారతో తవ్వింది. అక్కణ్నుంచి మెల్లగా పారతో గీకుతూ దిగింది. నాలుగడుగులు, ఐదు, ఐదున్నర, ఆరు. ఎర్ర మొరం తప్ప ఏమీ లేదు. రెండో రాయి దగ్గరా లేదు. మూడో రాయి దగ్గర డానియల్ కూడా పార పట్టాడు. అక్కడా లేదు. నాలుగో రాయిని డానియల్ కోపంతో కాలితో తంతే అది ఒరిగి పడిపోయింది. అడుగు లోతు కూడా పాతలేదు.

అప్పటికి జనం గుమిగూడారు. వాళ్లలోంచి ముసలి లక్ష్మీనర్సమ్మ కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. ఆమె ఇల్లు కాలనీలో అన్నిటికంటే పల్లంలో ఉంది. రెండేళ్లుగా వానాకాలంలో నీళ్లన్నీ ఆ ఇంట్లోకే పోతున్నాయి. రోడ్డు పక్కన చిన్న కాలువ తవ్వుకుంటే సరిపోయేది. తవ్వబోతే రాళ్లు అడ్డమొచ్చాయి. పోయిన వానలకు గోడ కూలింది. ఆ రాత్రికి రాత్రి ముసలమ్మ నానిన బియ్యం సంచితో చర్చిలో తలదాచుకుంది.

"కాలువ తవ్వుతమంటే వద్దన్నదెవరే నర్సీ?" అని అడిగింది లక్ష్మీనర్సమ్మ.

బాలనర్సమ్మ తల వంచుకుంది. వద్దన్నది తనే. రాయి దగ్గర గడ్డపార పెట్టినోడి చెయ్యి విరగ్గొడతానని నడిరోడ్డు మీద నిలబడి అరిచింది తనే. లేని కేబుల్‌కు రెండేళ్లు కాపలా కాసింది. అది కూడా కూలీ లేకుండా.

"నేనే చిన్నమ్మా," అంది.

"నీళ్లల్ల పండుకున్న నేను. గీ రాళ్ల కోసం."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ నిమిషాన బాలనర్సమ్మను చూసినవాళ్లకు తెలిసింది. ఆమె అరవలేదు. అరవకపోయేసరికి జనం భయపడ్డారు.

"దేశం దేశానికి తవ్విచ్చినం," అంది. "పేర్లు తెల్వని ఊర్లకు తవ్వినం. మొగుళ్లను, పిల్లలను ఇడిసి తవ్వినం. మన కాలనీకి తవ్వెటోడు ఒక్కడు లేడా? వాగు దాటితే వాళ్ల కాళ్లకు మైల అంటుతదా? ఊర్లె పెద్దోళ్ల ఇండ్లకు వచ్చిన పైపు కల్వర్టు కాడ ఎందుకాగింది? పార్లు తియ్యిండ్రి. కల్వర్టు నుంచి ఆఖరి ఇంటి దాక తెరుస్తం. ఏముందో లోకమంత సూడనియ్యి."

మరునాడు, ఆ మరునాడు కాలనీలో ఎవరూ కూలికి పోలేదు. ఎనభై మంది వరసగా నిలబడి తవ్వారు. పని ఎలా పంచుకోవాలో, మట్టి ఏ పక్క పోయాలో, ఎవరు గడ్డపార పట్టాలో, ఎవరు తట్ట ఎత్తాలో ఒకరికొకరు చెప్పే పనే లేదు. భాగ్యశ్రీ పిల్లను చెట్టుకు కట్టిన చీర ఊయలలో వేసి తనూ తట్ట మోసింది. అయిదో రాయి పక్కన కానుగ చెట్టు దగ్గర మూడడుగుల లోతులో ఒక వేరు అడ్డొచ్చింది. మణికట్టంత లావు, కాలువ ఈ గోడ నుంచి ఆ గోడకు దూలంలా ఉంది. డానియల్ గొడ్డలి ఎత్తాడు.

"ముట్టకు," అంది బాలనర్సమ్మ. "దాని కింది నుంచి తవ్వు. గది మన సాక్షి."

శుక్రవారం సాయంత్రానికి నాలుగు వందల మీటర్ల కాలువ, ఐదున్నర అడుగుల లోతున, తాడు పట్టి గీసినట్టు తెరుచుకుంది. అందులో పైపు లేదు, పోగు లేదు, దారప్పోగంత కూడా లేదు.

శనివారం పొద్దున, తవ్వకం కబురు చేరి, కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజర్ నవీన్‌కుమార్ మోటారుసైకిల్ మీద దిగాడు. నున్నగా దువ్విన తల, చేతిలో ఫైలు. వెనక ఒక కానిస్టేబుల్. వాళ్ల వెనకే జీపులో సర్కారు ఇంజినీరు. నవీన్‌కుమార్ కాలువలోకి తొంగి చూసి, క్షణం ఆలోచించి, ఒక్కసారిగా గొంతు పెంచాడు.

"కేబుల్ ఏడున్నది? తవ్వి అమ్ముకున్నరా? సర్కారు సొమ్మిది! కేసు పెడ్త ఒక్కొక్కరి మీద!"

ఇది ఎవరూ ఊహించలేదు. దొంగతనం తను చేసి, దొంగ అని ఎదుటివాణ్ని పిలవడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! కానిస్టేబుల్ నోట్‌బుక్ తీశాడు. "మొదలువెట్టింది ఎవరు?" అన్నాడు.

"నేను," అంది బాలనర్సమ్మ. కాలువ గట్టు దిగి ఇంజినీరు ముందుకు పోయింది. ఆయన పెద్ద వయసు మనిషి. "సారూ, ఒక్క ముచ్చట చెప్పుండ్రి. మీ కాయిదాలల్ల గీ తవ్వకం ఎట్ల రాసిన్రు? మిషన్‌తోనా, మనుషులతోనా?"

"మిషన్‌తోనే గుంజినం," అన్నాడు నవీన్‌కుమార్ గబుక్కున.

"నిన్నడగలే. సారునడిగిన."

ఇంజినీరు తన ఫైలు తిప్పాడు. "మనుషులతో. కాలువ తెరిచి, ఐదున్నర అడుగులు," అన్నాడు నెమ్మదిగా.

"అయితే రా సారూ."

ఆయన చెయ్యి పట్టుకుని కానుగ చెట్టు దాకా తీసుకుపోయింది. ఆ చనువు చూసి నవీన్‌కుమార్ గుడ్లురిమాడు. ఇంజినీరు చెయ్యి విడిపించుకోలేదు. ఆమె కాలువలోకి దిగి ఆ వేరు మీద అరచేయి పెట్టింది.

"గీ వేరు మూడు ఫీట్ల కాడున్నది. మీ మనుషులు ఐదున్నర ఫీట్లు తవ్వినరని రాసిన్రు. గీ వేరును కొయ్యకుండ ఎట్ల దిగిన్రు సారూ? గింత లావు వేరు రెండేండ్లల్ల మొలుస్తదా? నేను నలభై ఏండ్లు తవ్విన. మట్టి తీసి పూడ్సితే ఆ మట్టి రంగు కలిసిపోతది. గీ గోడ సూడు, పైన నల్ల రేగడి, కింద ఎర్ర మొరం, గీతలెక్క యేరువడి ఉన్నది. గిది మనిషి చెయ్యి తాకని భూమి."

ఇంజినీరు వంగి ఆ వేరును చూశాడు. కానిస్టేబుల్ కూడా వంగి చూసి, నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకున్నాడు. ఇంజినీరు మాత్రం ఏమీ అనకుండా జీపు దగ్గరికి నడిచాడు. తప్పు కనపడగానే తప్పు అనే అలవాటు ఆఫీసుల్లో ఉంటే ఈ కథే ఉండేది కాదు.

నవీన్‌కుమార్‌ ఫోను తీశాడు. పట్టలేదు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. చివరికి గత్యంతరం లేక కల్వర్టు గోడ ఎక్కి నిలబడ్డాడు. ఆ గోడ మీద మాట కూడా సగం సగమే వినపడుతుంది కాబట్టి అరిచి మాట్లాడక తప్పదు. తన పుణ్యాన లేని లైను గురించి, ఆ ఎనభై మంది వింటుండగా, అతను అరిచాడు.

"సార్! సోమవారం! సోమవారం పదకొండుకు పైనుంచి తనిఖీకి వస్తున్నరు సార్! కాలువ మొత్తం తెరిచే ఉన్నది సార్! ఏం జెయ్యాలె?"

భాగ్యశ్రీ తల్లి వంక చూసింది. తల్లి అప్పటికే వినేసింది.

నవీన్‌కుమార్ గోడ దిగేసరికి గొంతులో తేనె చేరింది. "అమ్మా, గొడవెందుకు? రేపే పైపు తెప్పిస్త. సోమవారం పొద్దున్నకల్ల మీ ఇంట్ల లైటు వెలుగుతది. నువ్వు ఒక్క కాయిదం మీద సంతకం పెట్టు."

కాగితం భాగ్యశ్రీ చదివింది. రెండేళ్ల కిందట వేసిన కేబుల్, కాలనీవాసులు తెలియక చేసిన తవ్వకాల వల్ల దెబ్బతిన్నదని, తమ కోరిక మేరకు సంస్థ దయతో దాన్ని బాగుచేసి ఇచ్చిందని అందులో ఉంది. కింద బాలనర్సమ్మ పేరు ముందే టైపు చేసి ఉంది.

భాగ్యశ్రీ కాగితం మడిచి తల్లి చేతికిచ్చింది. "పెట్టకమ్మా. నేను హైదరాబాద్ పోత. కాకుంటే నౌకరి మానేస్త."

ఊయలలో పిల్ల లేచి ఏడవడం మొదలుపెట్టింది. బాలనర్సమ్మ తన అరచేతులు చూసుకుంది. ఒక్క కేబుల్ కూడా తెంపని చేతులు ఇవి. ఈ చేతులే తెంపాయని, అదీ తన కాలనీ కేబుల్‌నే తెంపాయని, తన పేరే రాయించుకుని వచ్చాడు వీడు. లేని దానికి దొంగ అన్నాడు, ఇప్పుడు తెలివిలేనిది అంటున్నాడు. పైగా దయ అట. కాగితం వాడి ముఖాన కొట్టాలనిపించింది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో ఏ మేస్త్రీ అయినా పైసలు ముందిచ్చి పని తర్వాత చేయమన్నాడా?

"పెడ్త," అంది. "గని పైపు ముందు. సంతకం తర్వాత."

"సంతకం ముందు పెట్టాలమ్మా. పద్ధతి."

"మేమెన్నడు ముందు పైసలు సూడలే బిడ్డా. పని చేసినంకనే చేతులు చాపినం. గదే పద్ధతి మాకు నేర్పిన్రు. నీకు సోమవారం పదకొండు గడువు, నాకు తొమ్మిది. నీ ఇష్టం. కాలువ మాత్రం పూడ్సం."

నవీన్‌కుమార్ చుట్టూ చూశాడు. కాలువ గట్టు మీద ఎనభై మంది కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. లేచే ఉద్దేశం ఎవరిలోనూ కనిపించలేదు.

"మాటనా?" అన్నాడు.

"మాట," అంది.

ఆదివారం తెల్లారేసరికి నారింజ పైపు చుట్టలతో లారీ వచ్చింది. చర్చి గంట మోగినా ఆ రోజు ఎవరూ లోపలికి పోలేదు, గంట కొట్టిన డానియల్ కూడా పోలేదు. అడుగున ఇసుక పోయకుండా పైపు దించబోతే బాలనర్సమ్మ కాలువలో అడ్డం నిలబడింది. ఇసుక తెప్పించింది. రాయి తగిలిన చోట పైపు ఎత్తించి మళ్లీ పరిపించింది. కానుగ వేరు కింది నుంచి పైపును తనే దూర్చింది. మధ్యాహ్నం దాకా పైపు, సాయంత్రం దాకా పోగులు, ఆ తర్వాత వాటిని అతికే చిన్న మిషన్‌తో ఇద్దరు మనుషులు. చీకటి పడే వేళకు ఇంటి గోడకు తెల్ల డబ్బా బిగించి పోయారు.

సోమవారం తొమ్మిదికి భాగ్యశ్రీ కంప్యూటర్ తెరిచింది. డబ్బా మీద ఆకుపచ్చ దీపాలు నాలుగూ వెలిగాయి. కంపెనీ వాళ్లు అవతల నుంచి ఏదో చూసుకుని, ఇంకా ఏదో చూసుకుని, బాగుంది, మొదలుపెట్టమన్నారు. గుమ్మం బయట నిలబడ్డ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. లక్ష్మీనర్సమ్మ కర్రతో నేల మీద కొట్టింది. మల్లిక బెదిరి ఏడిస్తే భాగ్యశ్రీ ఒక చేత్తో ఊయల ఊపుతూనే మొదటి ఫోను ఎత్తింది.

బాలనర్సమ్మకు సంతోషం రాలేదు. వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. పెరట్లోకి పోయి నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. వెనకాలే వచ్చిన డానియల్ భయపడ్డాడు.

"ఏమైందక్కా? లైను వచ్చె కదా?"

"గింతేనా తమ్మీ?" అంది. "తవ్వుడు పోను ఒక్క దినం పని. ఒక్క లారీ పైపు. గింతేనా? గీ ఒక్క దినం కోసం రెండేండ్లు మా నోట్ల మన్ను కొట్టిన్రా? ముసల్దాన్ని నీళ్లల్ల పండబెట్టిన్రా? పెద్ద పని అయ్యుంటే నాకింత కోపం రాకపోవు. చేతగాలే అనుకుందును. చేతనయ్యి చెయ్యలే వాళ్లు. చెయ్యాలని అనిపియ్యలే."

డానియల్ ముఖం కడుక్కోమని చెంబుతో నీళ్లు ఇచ్చాడు.

పదిన్నరకు నవీన్‌కుమార్ వచ్చాడు. ఈసారి కొత్త చొక్కా. కాగితం తీసి, కలం మూత విప్పి చేతికిచ్చాడు.

"తొందరగ పెట్టమ్మా. తనిఖీ వాళ్లు నారాయణపేట దాటిన్రట."

బాలనర్సమ్మ కలం తీసుకుంది. మూత అడిగి తీసుకుని, కలానికి పెట్టి, అతని కొత్త చొక్కా జేబుకు జాగ్రత్తగా తగిలించింది.

"ఇదేందమ్మా? మాటిచ్చినవ్ కదా?"

"ఇచ్చిన. మీరు రాళ్లిచ్చిన్రు, నేను మాటిచ్చిన. మీ రాళ్ల కింద ఏమున్నదో నా మాట కింద గూడ గదే ఉన్నది."

నవీన్‌కుమార్ కల్వర్టు మీద తెల్ల కారు కనపడేసరికి ఫైలు చంకలో ఇరికించుకుని అటు పరుగెత్తాడు. ఇంట్లోంచి "నమస్కారం, చెప్పండి, ఏ డాక్టరును కలవాలి మీకు?" అని భాగ్యశ్రీ గొంతు వినపడుతోంది. బాలనర్సమ్మ కొంగు నడుముకు బిగించి, రోడ్డుకు అడ్డంగా పోయి నిలబడింది. కారు ఆగింది. అద్దం దిగింది. లోపలున్న అధికారి నవ్వుతూ, "ఏమ్మా, కాలనీలో నెట్ ఎట్లా ఉంది? బాగుందా?" అని అడిగాడు.

"పొద్దున తొమ్మిదింటి సంది బాగుంది సారూ," అంది. "అంతకుముందుది కావాల్నంటే కారు దిగుండ్రి. జరసేపు పడ్తది."